విలియం కేరీగారు చదివిన తీరు



మా సంఘములో ఆదివారపు బడి పిల్లలు బంగారు వాక్యమును ఆదివారమున గుక్కతిప్పుకొనక అప్పగింతురు. గురువారపు ప్రార్థన కూటములో అదే వాక్యము అడిగినయెడల ఒకరి ముఖము ఒకరు చూచుకొందురు. వారిని గద్దించుటకు మాకు నోరు రాదు. మేమును సెమినరీలో పరీక్షకు ముందు రాత్రి మేలుకొని గ్రీకు క్రియలన్నియు వల్లెవేసి, సెలవులకు ఇల్లు చేరులోగా మరచిపోయినవారమే. గనుక ఈ నెల కేరీగారి జీవితమును, ఆయన చదివిన తీరునుబట్టి మీ యెదుట ఉంచుచున్నాము.

ఆయన 1761 ఆగస్టు 17న ఇంగ్లండులో పాలర్స్‌పరీ అను పల్లెలో పుట్టెను. తండ్రి మగ్గము నేసినవాడు, తరువాత ఆ ఊరి బడిపంతులాయెను. బాలుడు పురుగులను మొక్కలను తెచ్చి గదిలో ఉంచుకొని, అవి దినదినము ఎట్లు మారునో చూచుచుండెను. పండ్రెండవ ఏట లాటిను పదముల చిన్న పుస్తకమొకటి దొరకగా దాదాపు అంతయు కంఠస్థము చేసెను. ఎండకు ఓర్వని శరీరమగుటచేత పొలము పని మాని, చెప్పులు కుట్టు పనికి కుదిరెను.

ఆ యజమానుని పుస్తకములలో క్రొత్త నిబంధన వ్యాఖ్యానమొకటి ఉండెను. దానిలో అక్కడక్కడ గ్రీకు మాటలు. అవి చదువుట ఆయనకు రాదు, చెప్పువారు దగ్గర లేరు. అప్పుడేమి చేసెనో చూడుడి. ఆ అక్షరములను ఉన్నవి ఉన్నట్లు కాగితముమీద దింపుకొని, తండ్రిని చూడబోయినప్పుడు, ఆ ఊరిలో ఒకప్పుడు బాగుగా చదువుకొని ఇప్పుడు మగ్గము నేయుచున్న టామ్ జోన్సు అనువానికి చూపి అర్థము తెలిసికొనుచుండెను. మనమైతే తెలియని మాటను దాటిపోవుదుము. ఆయన దానిని వ్రాసికొని, కొన్నాళ్లు జేబులో మోసి, నడచివెళ్లి అడిగెను. అట్లు సంపాదించిన మాటను మరచుట కష్టము.

1785లో మౌల్టన్ అను ఊరికి వెళ్లి అక్కడి చిన్న సంఘమునకు కాపరి ఆయెను. జీతము చాలక బడి నడిపెను, చెప్పులును కుట్టెను. బడిపిల్లలను అదుపులో పెట్టుట ఆయనకు చేతకాలేదట. పంతుళ్లకు ఇది కొంత ఓదార్పు. కాగితములు కొన్ని అంటించి, కలముతో లోకపటము గీసి, పనిచేయు చోట గోడకు తగిలించెను. ఏ దేశమునుగూర్చి ఏమి చదివినను, అచ్చటి జనసంఖ్యను, మతమును ఆ దేశపు గడిలో వ్రాయుచుండెను. చేతిలో తోలు, కన్నులయెదుట లోకము. ఆ సంగతులే 1792లో ఆయన ప్రచురించిన చిన్న పుస్తకములో పట్టికలుగా వచ్చెను.

1793 జూన్‌లో ఓడ ఎక్కి నవంబరులో కలకత్తా చేరెను. మరుసటి సంవత్సరము కుమారుడు పీటరు చనిపోయెను. భార్య డోరతీగారికి మతి చలించి, 1807లో కన్నుమూయువరకు కుదుటపడలేదు. ఆ ఇంటిలోనే ఆయన బెంగాలీ, సంస్కృతము నేర్చెను. ఆయన శ్రద్ధను మెచ్చుకొనునప్పుడు ఆ తల్లి పడిన బాధను మరువరాదని మా అభిప్రాయము.

1806 జూన్‌లో ఆయన ఒక స్నేహితునికి తన ఒక దినమును లెక్కవేసి వ్రాసెను. ఆ దినమున ఆరింటికి ముందే లేచి హెబ్రీ బైబిలులో ఒక అధ్యాయము చదివెను. ఏడింటికి పనివారితో కలిసి బెంగాలీలో కుటుంబ ప్రార్థన. టీ పోయుచుండగా మున్షీతో కొంత పారసీకము, అటుపిమ్మట కొంత హిందుస్థానీ. పిదప పది గంటలవరకు పండితునితో రామాయణపు అనువాదము. ఆ మీదట ఫోర్ట్ విలియం కాలేజీలో పాఠములు. తిరిగి వచ్చి బెంగాలీ యిర్మీయా ప్రూఫు దిద్దెను. మత్తయి సువార్తను సంస్కృతములోనికి తెచ్చు పని సాగించెను. సాయంకాలము ఆరింటికి తెలుగు పండితునియొద్ద కూర్చుండెను. అవును, మన తెలుగు నేర్చుటకే! తరువాత ఇంగ్లీషులో ప్రసంగము. పిదప దాదాపు పదకొండింటివరకు యెహెజ్కేలును బెంగాలీలోనికి తిప్పెను. ఉత్తరములు వ్రాసి, గ్రీకు నిబంధనలో ఒక అధ్యాయము చదివి పడుకొనెను.

ఈ లెక్కను మేము పలుమారులు చూచితిమి. మొదట గంటలే కనబడెను. తరువాత మరియొకటి కనబడెను. ఉదయము చదివిన హెబ్రీ రాత్రి యెహెజ్కేలు పనికి అక్కరకు వచ్చెను. నేర్చిన బెంగాలీ ప్రార్థనలోను, పాఠములోను, ప్రూఫులోను మరల మరల తగులుచుండెను. ఏ భాషను ఒక్కనాటితో ముగింపలేదు; ప్రతిదానికిని కొంచెము, ప్రతిదానికిని ఒక పని. బంగారు వాక్యమునకు మన పిల్లలు ఆదివారము తప్ప వేరొక దినమున ఏ పనియు చెప్పరు.

1812 మార్చి 11 సాయంకాలము శ్రీరాంపూరు అచ్చుకూటములో నిప్పు అంటుకొనెను. కేరీగారు అప్పుడు కలకత్తాలో ఉండెను. మరునాటి ఉదయము మార్ష్‌మన్‌గారు వెళ్లి చెప్పెను. అనేక భాషల అచ్చు అక్షరములు కరగిపోయెను. రామాయణపు వ్రాతప్రతులు, ఎన్నో ఏండ్లు కూర్చిన బహుభాషా నిఘంటువు, తెలుగు వ్యాకరణపు ప్రతి, అన్నియు బూడిద. ప్రతిదినము వ్రాసికొని దాచుకొనువానికి అంతకంటె దెబ్బ ఏమున్నది? ఆయన బహుగా దుఃఖించెను. అయినను, ఒకసారి నడచిన దారి రెండవసారి తేలికయని తలంచి పనికి కూర్చుండెను. అచ్చుయంత్రములు మిగిలెను, కరగిన లోహముతోనే మరల అక్షరములు పోసిరి.

తెలుగు వ్యాకరణము 1814లో అచ్చుపడెను. 1818లో శ్రీరాంపూరునుండి తెలుగు క్రొత్త నిబంధన వెలువడెను. ఆ అనువాదము వాడుకలో నిలువలేదు. మన భాషలో ఇంకను బాగుగా ఎరిగినవారు మరల అనువదించిరి. బహుభాషా నిఘంటువు మాత్రము ఎన్నడును పూర్తికాలేదు. కేరీగారు 1834 జూన్ 9న శ్రీరాంపూరులో మృతినొందెను. అప్పటికి మన దేశము చేరి నలువది సంవత్సరములు దాటెను. ఒక్కమారైనను ఇంగ్లండునకు తిరిగి వెళ్లలేదు.