ఆగిన చదువుకు దారి వేసిన దుర్గాబాయి

బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపుర వైపు చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చుకునేది కన్నడ. ఏడో క్లాసులోనో ఎనిమిదిలోనో బడి మానేసి, పెళ్లయి, ఇద్దరు పిల్లల తల్లయ్యాక మళ్లీ పుస్తకం పట్టాలంటే మొహమాటం. ఈ వయసులో చదువేంటని ఇంట్లోవాళ్లే అడ్డుపడతారు. ఇలా చదువు ఆగిపోయిన ఆడవాళ్ల గురించి దేశంలో అందరికంటే ముందుగా గట్టిగా ఆలోచించిన వాళ్లలో తెలుగింటి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఒకరు.

పన్నెండేళ్లకే పంతులమ్మ

దుర్గాబాయి 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం వద్దనుకుని, భర్తను మరో పెళ్లి చేసుకోమని చెప్పి బయటికొచ్చేశారు. బడిలో ఇంగ్లిషు మీడియం పెట్టడం నచ్చక చదువు మానేశారు. కానీ ఊరికే కూర్చోలేదు. హిందీ నేర్చుకుని కాకినాడలో ఆడవాళ్లకు హిందీ బడి పెట్టారు. అప్పటికి ఆమెవి పలకాబలపం పట్టుకు తిరిగే ఏళ్లే. పాఠం వినడానికి వచ్చినవాళ్లలో ఆమె కన్నతల్లి కూడా ఉంది!

జైలు నేర్పిన పాఠం

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో దిగి అరెస్టయ్యారు. జైల్లో హత్య కేసుల్లో శిక్ష పడిన పేద ఆడవాళ్లను చూశారు. అక్షరం ముక్క రాని వాళ్లలో కొందరికి తమ మీద ఏం కేసు పెట్టారో, కోర్టులో ఏం జరిగిందో కూడా తెలియదు. వీళ్ల తరఫున మాట్లాడాలంటే ముందు తాను చదవాలి, లాయరు కావాలి అని అక్కడే నిశ్చయించుకున్నారు.

బడి వయసు దాటిపోయాక బెనారస్ మెట్రిక్ ప్రైవేటుగా కట్టి పాసయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే ఆడపిల్లలకు హాస్టల్ లేదన్నారు. పేపర్లో ప్రకటన వేయించి, చదవాలనుకునే అమ్మాయిలను పోగుచేసి, హాస్టల్ తామే నడుపుకున్నారు. ఆ తర్వాత లా చదివి మద్రాసులో నల్లకోటు వేసుకున్నారు.

తాను మెట్రిక్ కోసం పడ్డ పాట్లు మరిచిపోలేదు. 1937లో మద్రాసు మైలాపూరులో ఆడపిల్లలను కూర్చోబెట్టి అదే పరీక్షకు తయారు చేయసాగారు. ఆ చిన్న క్లాసే ఆంధ్ర మహిళా సభగా పెరిగి బడులు, ఆసుపత్రులు, కాలేజీలు నడిపింది.

రెండు అవసరాలు, ఒక ఉపాయం

1946లో రాజ్యాంగ సభకు వెళ్లారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే తొలి అధ్యక్షురాలయ్యారు. అప్పుడు పల్లెల్లో పంతులమ్మలు, నర్సులు, గ్రామసేవికలు కావాలి. ఉద్యోగాలున్నాయి, చదివిన ఆడవాళ్లు లేరు. ఇంకోవైపు భర్త పోయినవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు కూలికి పోతున్నారు. పని కావాలి, సర్టిఫికెట్ లేదు. ఈ రెండిటినీ కలిపితే సరిపోతుంది కదా!

అలా 1958లో పుట్టిందే సంక్షిప్త విద్యా కోర్సు. పెద్ద వయసు ఆడవాళ్లు చిన్నపిల్లలతో కలిసి ఏళ్ల తరబడి కూర్చోనక్కర్లేదు. రెండేళ్లలో పరీక్షకు సిద్ధం కావచ్చు. బోర్డు గ్రాంటు ఇస్తే స్వచ్ఛంద సంస్థలు క్లాసులు నడిపేవి. పాసైనవాళ్లకు ట్రైనింగుకు, ఆపైన ఉద్యోగానికి దారి పడింది. వేలిముద్ర మాన్పించి సంతకం నేర్పితే చాలదు, ఆ చదువు అన్నం పెట్టాలన్నది ఆమె పట్టుదల.

అదే ఏడాది మహిళా విద్యపై జాతీయ కమిటీకి అధ్యక్షత వహించారు. 1971లో నెహ్రూ అక్షరాస్యత అవార్డు, 1975లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 1981 మే 9న కన్నుమూశారు.

మనకేంటి?

సంఘం పుస్తకంలో సంతకం చేసే అక్కయ్యలు మన పల్లెల్లో చాలామందే ఉన్నారు. కానీ చిన్న ఉద్యోగానికి అర్జీ పెట్టాలన్నా పదో తరగతి మార్కుల కార్డు అడుగుతారు. దుర్గాబాయి 1958లోనే పట్టుకున్న ముడి ఇదే. 1989లో మొదలైన జాతీయ ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టడానికి వయసు పైపరిమితి లేదు, తెలుగులో రాసే వీలూ ఉంది. తాను చదివి, తల్లికీ చదువు చెప్పిన మనిషి కథ విన్నాక, ఇంట్లో అమ్మో వదినో మళ్లీ పుస్తకం పడతానంటే అడ్డుచెప్పకుండా ఉంటే చాలు.