నవ్వించిన శశిరేఖ.. నవ్వు చాటున సావిత్రి

ఆనందం పంచుతూనే ఆనందం కోసం వెదికిన మహానటి జీవితం

తాడేపల్లి: గుంటూరు జిల్లా తాడేపల్లి మండలంలోని కృష్ణా తీర గ్రామం చిర్రావూరు. 1930వ దశకంలో ఈ పల్లెలో పుట్టిన నిశ్శంకర సావిత్రి రెండు దశాబ్దాలు తిరిగేసరికి తెలుగు, తమిళ ప్రేక్షకులకు ఇంటి మనిషి అయ్యారు. 'మాయాబజార్‌'లో శశిరేఖగా ఆమె చేసిన అల్లరికి తాతలు, తండ్రులు, మనవలు వరుసగా నవ్వుతూనే ఉన్నారు. ఆ నవ్వు చాటున ఎంత వేదన దాగి ఉందో మాత్రం లోకానికి చాలా ఆలస్యంగా తెలిసింది.

తండ్రి లేని బాల్యం

సావిత్రి పసిబిడ్డగా ఉండగానే తండ్రి గురవయ్య కన్నుమూశారు. తల్లి సుభద్రమ్మ ఇద్దరు ఆడపిల్లలతో విజయవాడలోని అక్క ఇంటికి చేరారు. అక్కడ పెదనాన్న కొమ్మారెడ్డి వెంకట్రామయ్య చేయిపట్టి సావిత్రిని పైకి తెచ్చారు. నృత్యం నేర్చుకున్న బాలిక నాటకాల్లోకి, అక్కడి నుంచి పెదనాన్న వెంట మద్రాసుకు చేరింది. 'సంసారం' (1950)లో చేతికందిన కథానాయిక వేషం జారిపోయి చిన్న పాత్రే మిగిలింది. 'పాతాళభైరవి' (1951)లో ఒక నృత్య సన్నివేశంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. 'పెళ్లిచేసి చూడు' (1952), 'దేవదాసు' (1953) చిత్రాలతో దశ తిరిగింది. భానుమతి వదులుకున్న 'మిస్సమ్మ' (1955) పాత్ర ఆమెను అగ్రస్థానంలో కూర్చోబెట్టింది.

పాత్రల్లోనూ రెండు ముఖాలే

'కన్యాశుల్కం' (1955)లో ఆమె మధురవాణి. నలుగురినీ మాటలతో ఆడించే ఆ వేశ్య గుండెలో ఎవరికీ కనిపించని తడి ఉంటుంది. 'మాయాబజార్‌' (1957)లో ఘటోత్కచుడే శశిరేఖ రూపం ధరిస్తాడు. పైకి సుకుమారి, లోపల రాక్షసుడు. ఎస్వీ రంగారావు హుందాను, నడకను, కనుబొమల విరుపును తన ముఖంలోకి తెచ్చుకుని ఆమె చేసిన అభినయం ఇప్పటికీ నటనకు పాఠమే. 'చివరకు మిగిలేది' (1960)లో మానసిక వైద్యశాల నర్సు. రోగులకు నయం కావాలని ప్రేమను నటించి, నటించి చివరకు తానే మతి చలించిన మనిషి. పైకి ఒకటి, లోన ఒకటిగా బతికే స్త్రీని ఆమె అంత సహజంగా ఎలా చూపగలిగారో ఆమె సొంత జీవితం తెలిసిన వారికి వేరే చెప్పనక్కరలేదు.

రహస్య వివాహం

1952లో ఆమె తమిళ నటుడు జెమినీ గణేశన్‌ను రహస్యంగా పెళ్లాడారు. అప్పటికే ఆయనకు భార్య, పిల్లలు ఉన్నారు. పెద్దల ఇష్టానికి ఎదురు నిలిచి కట్టుకున్న సంసారం అది. కొన్నేళ్లపాటు ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. తర్వాత కుమార్తె, కుమారుడు కలిగారు. మద్రాసు త్యాగరాయనగర్‌లోని హబీబుల్లా రోడ్డులో పెద్ద ఇల్లు వెలసింది. కార్లు నడపడమంటే ఆమెకు సరదా, క్రికెట్‌ అంటే ప్రాణం. చూసినవారు ఆమె అంత అదృష్టవంతురాలు లేదనుకున్నారు. 1960వ దశకం చివరికి ఆ కాపురం చెదిరింది.

ఇవ్వడంలోనే సంతోషం

అడిగినవారికి లేదనకుండా ఇవ్వడం ఆమె స్వభావం. 1965లో దేశ రక్షణ నిధి కోసం ప్రధాని లాల్‌బహదూర్‌ శాస్త్రికి ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు. రేపల్లె మండలం వడ్డివారిపాలెంలో 1962లో ఉన్నత పాఠశాల ఏర్పాటుకు ఆమె చేయూతనిచ్చారు. 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉన్న ఆ గ్రామంలో బడి నేటికీ ఆమె పేరుతోనే నడుస్తోంది. ఎందరో పిల్లలు అక్కడ అక్షరాలు దిద్దారు. ఆమె చేసిన ఖర్చుల్లో నిలిచి ఉన్నది బహుశా ఇదొక్కటే.

అప్పులు, మద్యం

మహిళా సాంకేతిక నిపుణులను కూడగట్టి 1968లో 'చిన్నారి పాపలు'కు ఆమె దర్శకత్వం వహించారు. స్త్రీలు దర్శకత్వం వైపు చూడడమే అరుదైన కాలంలో అదొక సాహసం. చిత్రం ఆడలేదు. 'మూగమనసులు' కథతో తమిళంలో తీసిన 'ప్రాప్తం' (1971) కూడా నష్టాలే మిగిల్చింది. ఆదాయపు పన్ను బకాయిలు ఆస్తులను చుట్టుకున్నాయి. ముచ్చటపడి కట్టుకున్న ఇల్లు చేజారింది. ఒంటరితనాన్ని మరిచిపోవడానికి పట్టిన మద్యం అలవాటు, దానికి తోడైన మధుమేహం శరీరాన్ని తినేశాయి. ఆ స్థితిలోనూ పని మానలేదు. తల్లి వేషాలు, చిన్న వేషాలు ఏవి వస్తే అవి వేశారు. 'గోరింటాకు' (1979)లో ఆమెను చూసిన పాత అభిమానులు నొచ్చుకున్నారు. ఆమె మాత్రం కెమెరా ముందు తన పని తాను చేసుకుపోయారు.

19 నెలల నిద్ర

1980 మే నెలలో బెంగళూరు వెళ్లిన సావిత్రి అక్కడే స్పృహ కోల్పోయారు. సుమారు 19 నెలలు కోమాలోనే ఉండి 1981 డిసెంబరు 26న మద్రాసులో తుదిశ్వాస విడిచారు. అప్పటికి ఆమెకు యాభై ఏళ్లు కూడా నిండలేదు. 2011లో తపాలా శాఖ ఆమె బొమ్మతో స్టాంపు విడుదల చేసింది. 2018లో ఆమె జీవితకథ 'మహానటి' చిత్రంగా వచ్చి కొత్త తరానికి ఆమెను పరిచయం చేసింది.

బతికి ఉండగా ఆమెకు సన్మానాలకు లోటు లేదు, చుట్టూ మనుషులకూ లోటు లేదు. లోపల ఏమవుతోందని సకాలంలో అడిగే మనిషే కరవయ్యారు. నిత్యం నవ్వుతూ నలుగురినీ నవ్వించే మనిషి ప్రతి ఊళ్లో, ప్రతి వీధిలో ఒకరైనా ఉంటారు. నవ్వుతున్నారు కదా, బాగానే ఉన్నారనుకుని చాలామంది దాటిపోతారు. ఒక్క క్షణం ఆగి బాగోగులు విచారించడానికి ఖర్చేమీ లేదు. చిర్రావూరు ఆడపడుచు జీవితం చెబుతున్నది ఇదే.