గిజుభాయి బధేకా

గిజుభాయి బధేకా (నవంబరు 15, 1885 - జూన్ 23, 1939) గుజరాత్‌కు చెందిన ప్రసిద్ధ విద్యావేత్త, బాలసాహిత్యకారుడు. ఈయన అసలు పేరు గిరిజాశంకర్ భగవాన్‌జీ బధేకా. న్యాయవాద వృత్తిని వదలి చిన్నపిల్లల చదువుకు జీవితాన్ని అంకితం చేసిన ఈయనను గుజరాత్ ప్రజలు మీసాలున్న అమ్మ అనే అర్థం వచ్చే ముద్దుపేరుతో పిలుచుకున్నారు.

బాల్యము, వృత్తి

గిజుభాయి సౌరాష్ట్ర ప్రాంతంలోని చిత్తల్ గ్రామంలో జన్మించాడు. ప్రాథమిక విద్య వలభీపూర్‌లోను, తరువాతి చదువు భావనగర్‌లోను సాగింది. కుటుంబ పరిస్థితుల వల్ల కళాశాల చదువు మధ్యలో ఆగిపోగా, 1907లో జీవనోపాధికై తూర్పు ఆఫ్రికా వెళ్ళాడు. తిరిగి వచ్చి, బొంబాయిలో న్యాయశాస్త్రం అభ్యసించి, వఢ్వాణ్‌లో వకీలుగా స్థిరపడ్డాడు.

1913లో కుమారుడు జన్మించడం ఈయన జీవితాన్ని మలుపు తిప్పింది. తాను చిన్నతనంలో చూచిన బెత్తము, బెదిరింపు, బట్టీపట్టడం తన బిడ్డకు వద్దనుకొని, మరో మార్గం కోసం వెదకసాగాడు. ఆ అన్వేషణలో ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి పద్ధతి పరిచయమైంది. 1916లో వకాలతు విడిచి, నానాభాయి భట్ భావనగర్‌లో స్థాపించిన దక్షిణామూర్తి విద్యార్థి భవన్‌లో చేరాడు.

బాలమందిరం

కొంతకాలం ఉన్నత పాఠశాల బాధ్యతలు నిర్వహించిన పిమ్మట, ఆ వయసుకే పిల్లల అలవాట్లు, భయాలు పాతుకుపోతున్నాయని గ్రహించాడు. మార్పు ఇంకా ముందే మొదలు కావాలనే ఉద్దేశంతో 1920లో రెండున్నరేళ్ళు దాటిన పిల్లల కోసం దక్షిణామూర్తి బాలమందిరాన్ని ప్రారంభించాడు.

బాలమందిరంలో దండన లేదు. బహుమతుల పోటీ కూడా లేదు. ఏ పని చేయాలో పిల్లలే ఎంచుకొనేవారు. మట్టితో బొమ్మలు చేయడం, బొమ్మలు గీయడం, తోటపని, పాటలు, ప్రకృతి పరిశీలన అక్కడి నిత్యకృత్యాలు. నాటకాలలో సంభాషణలు కంఠస్థం చేయించే పద్ధతి ఉండేది కాదు. విన్న కథను పిల్లలు తమ మాటల్లోనే ఆడేవారు. ఉపాధ్యాయుడు గమనించి, అవసరమైనప్పుడు మాత్రమే చేయూతనిచ్చేవాడు. గిజుభాయి మాంటిస్సోరి పద్ధతిని ఉన్నదున్నట్లుగా అనుకరించలేదు. ఆమె అంతగా స్థానమివ్వని కథలకు, జానపద గేయాలకు పెద్దపీట వేసి, స్థానికంగా దొరికే వస్తువులనే బోధనోపకరణాలుగా వాడాడు.

1923లో తారాబాయి మోదక్ ఈయనతో చేరింది. 1925లో ఉపాధ్యాయ శిక్షణకై అధ్యాపన మందిరం ఏర్పడింది. 1926లో వీరిద్దరూ నూతన బాల శిక్షణ సంఘాన్ని స్థాపించారు.

రచనలు

గిజుభాయి పిల్లల కోసం, తల్లిదండ్రుల కోసం, ఉపాధ్యాయుల కోసం వందకు పైగా పుస్తకాలు వ్రాసాడు. 1929లో గుజరాతీ సాహిత్యరంగంలో ప్రతిష్ఠాత్మకమైన రంజిత్‌రామ్ సువర్ణ చంద్రకం అందుకున్నాడు.

ఈయన రచనల్లో మిక్కిలి పేరు పొందినది 'దివాస్వప్న' (1932). ఒక ఉపాధ్యాయుడు విద్యాధికారి అనుమతితో నాలుగవ తరగతిని ఏడాదిపాటు తన పద్ధతిలో నడపడం ఇందలి కథ. తొలినాడే అతని పథకం విఫలమవుతుంది. నిశ్శబ్దంగా కూర్చోమంటే పిల్లలు గోల చేస్తారు. మర్నాడు కథ చెప్పడంతో మొదలుపెట్టి, ఆటలు, తరగతి గ్రంథాలయం, విహారాల ద్వారా వారిని చదువు వైపు మళ్ళిస్తాడు. సహోపాధ్యాయుల పరిహాసం, తల్లిదండ్రుల సందేహం, పరీక్షల ఒత్తిడి కథలో అడుగడుగునా ఎదురవుతాయి. కాబట్టి ఇది కేవలం ఆదర్శాలు వల్లించే గ్రంథం కాదు. ఇది 'పగటి కల' పేరుతో తెలుగులోకి వచ్చి, ఇక్కడి ఉపాధ్యాయులకు చిరపరిచితమైంది.

చివరి రోజులు, ప్రభావం

1936లో దక్షిణామూర్తి సంస్థ నుండి వైదొలగిన గిజుభాయి, ఆరోగ్యం క్షీణించినా ఉపాధ్యాయ శిక్షణను కొనసాగించి, 1939లో 53వ ఏట బొంబాయిలో మరణించాడు.

బాలమందిరాలు పట్టణ కుటుంబాలకే ఎక్కువగా అందాయనే లోటు మిగిలిపోయింది. దానిని తీర్చేందుకు తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్రలోని బోర్డీ గ్రామంలో పేద పిల్లల కోసం కృషి ప్రారంభించింది. బడికి రాని పిల్లల వద్దకు, వారి ఇళ్ళ ముంగిటికే బడి వెళ్ళింది. ముంగిలి అనే అర్థంగల అంగన్‌వాడీ అనే మాట ఆ ప్రయోగాల నుండే వాడుకలోకి వచ్చింది. నేడు తెలుగునాట ప్రతి పల్లెకూ పరిచయమైన ఆ మాట వెనుక గిజుభాయి భావనగర్‌లో వేసిన బాట ఉన్నది.