కళింగనగరమును గుర్తించిన గిడుగు రామమూర్తి పంతులుగారు

వంశధారా తీరమున శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపమున పర్వతాలపేట యను గ్రామము కలదు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29వ తేదీన అచ్చట జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ ఉద్యోగి. ఆయన 1875లో చోడవరమున స్వర్గస్థులు కాగా, రామమూర్తిగారు విజయనగరమున బంధువుల యింట నుండి మహారాజావారి పాఠశాలలో చదువుకొనిరి. గురజాడ అప్పారావుగారు అచ్చట వారి సహాధ్యాయులు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరి, ఉద్యోగము చేయుచునే స్వయంకృషిచే పట్టభద్రులైరి.

ఆ కాలమున శ్రీముఖలింగేశ్వరుని ఆలయ కుడ్యములపై నున్న శాసనములను చదువగలవారు ఆ ప్రాంతమున అరుదు. పంతులుగారు గ్రంథములు తెప్పించుకొని, గురువు లేకయే ప్రాచీన లిపులను అభ్యసించిరి. తూర్పు గంగరాజుల రాజధానియగు కళింగనగరము పేరు శాసనములలో కనబడుచుండెను గాని, అది యెచ్చట నుండెనో తేలలేదు. సముద్రతీరమందలి కళింగపట్టణమే యని కొందరు పండితులు తలంచిరి. శ్రీముఖలింగమును, దాని ప్రక్కనున్న నగరికటకమును కలిసి ఆ మహానగరమని పంతులుగారు నిరూపించి, ఆంగ్లమున వ్యాసములు ప్రకటించిరి. 12వ శతాబ్దమున అనంతవర్మ చోడగంగదేవుడు రాజధానిని కటకమునకు మార్చిన పిమ్మట ఆ నగర వైభవము క్షీణించెను. రాజగృహములు మన్నైపోయినను, మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములు నిలిచినవి. అఖండదీపములకు దానమిచ్చినవారి పేర్లు, కరణము వ్రాసిన లెక్కవలె, రాతిపై మిగిలినవి.

రాళ్లను చదివిన ఆ దృష్టియే ఆయనను మనుష్యులకడకు గొనిపోయెను. పర్లాకిమిడి మన్యమున నివసించు సవరల భాషకు వ్రాత లేదు. ఆ భాష యెరిగినవానిని ఇంట నుంచుకొని దానిని నేర్చి, సవర బాలురకు పాఠశాలలు పెట్టి, వాచకములు వ్రాసిరి. వ్యాకరణమును, నిఘంటువును కూడ రచించిరి. మన్యపు జ్వరమునకు పుచ్చుకొనిన క్వినైను వలన వినికిడి చెడినను ఆ పని విడువలేదు. 1913లో ప్రభుత్వము రావుబహదూరు బిరుదము నిచ్చెను. జనుల నోటనున్న తెలుగే బడి పుస్తకములకు తగునని పండితులతో పోరాడి, 1919లో తెలుగు అను పత్రికను స్థాపించిరి.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమాయెను. పర్లాకిమిడి అందు చేరెను. తెలుగువారి ఆ పట్టణము పరరాష్ట్రమునకు పోరాదని పంతులుగారు ఎంత వాదించినను ఫలింపలేదు. అర్ధశతాబ్దమునకు మించి కాపురమున్న ఊరిని, డెబ్బదిరెండేండ్లు నిండిన వయస్సున, విడిచి రాజమహేంద్రవరమునకు తరలివచ్చిరి. మరుగుపడిన రాజధానిని జనులకు మరల చూపినవారు తమ యూరినే పోగొట్టుకొనవలసివచ్చెను. 1940 జనవరి 22వ తేదీన మద్రాసున కాలధర్మము నొందిరి.

నేడు ఉత్తరాంధ్ర చరిత్రమును గూర్చి, మరుగైన కోటలను, పేటలను గూర్చి క్రొత్త గ్రంథములు వెలువడుచున్నవి. వానికి పునాది వేసినవారిలో పంతులుగారు మొదటి వరుసవారు. అట్టి గ్రంథములను గ్రంథాలయమున చదివి పోవుటతో పాఠకుల పని తీరదు. జీర్ణోద్ధరణ వేళ గుడిరాతి అక్షరములపై సున్నము పూయకుండ, ఉలి పడకుండ కాపాడవలెను. ఒక్క శాసనము చెరిగిన, ఒక్క ఊరి పేరు శాశ్వతముగా మాయమగును. పర్వతాలపేట బిడ్డకు ఈ సీమవారు చెల్లింపదగిన ఋణ మిదియే.