కామెట్ నుంచి చో ఓయు దాకా: నందు జయాల్ జీవనయానం

1931 జూన్ 21న గఢ్వాల్ హిమాలయాల్లోని కామెట్ శిఖరంపై ఒక ఆంగ్లేయుడు తాపీగా పైపు వెలిగించాడు. ఆ శిఖరం ఎత్తు 7,756 మీటర్లు. అంతకంటే ఎత్తయిన శిఖరాన్ని అప్పటికి మానవుడు చేరి ఎరుగడు. అంతటి ఎత్తులో పొగ తాగిన ఆ వ్యక్తి పేరు ఆర్.ఎల్. హోల్డ్స్‌వర్త్. మంచుపై జారేందుకు వాడే స్కీలను ఆ యాత్రకు మోసుకెళ్లి, కామెట్ ఎగువ వాలులపై వాటితో విహరించినవాడు కూడా ఆయనే. కొన్నేళ్లకు ఆయన డెహ్రాడూన్‌లోని డూన్ స్కూల్‌లో ఉపాధ్యాయుడిగా చేరారు. ఆయన శిష్యుల్లో ఒకడు నరేంద్రధర్ జయాల్. అందరూ నందు అని పిలిచేవారు.

1927 జూన్ 25న జన్మించిన నందుకు పర్వతాలు పుస్తకాల ద్వారా పరిచయమైనవి కావు. హోల్డ్స్‌వర్త్, జాక్ గిబ్సన్, జాన్ మార్టిన్ అనే ముగ్గురు ఉపాధ్యాయులు సెలవులు వచ్చాయంటే పిల్లలను వెంటబెట్టుకుని హిమాలయాలకు బయలుదేరేవారు. బరువు ఎలా మోయాలి, గుడారం ఎక్కడ వేయాలి, ఏ మంచును నమ్మాలి, దేనిని నమ్మరాదు అన్నవి తరగతి గదిలో వచ్చే చదువు కాదు. కొండ ఎక్కడం, మంచుపై స్కీలతో దిగడం ఆ గురువులకు వేర్వేరు విద్యలు కావు. వారి వెంట నడిచిన బాలుడికీ అవి ఒకే విద్యలోని రెండు పాఠాలుగా తోచి ఉంటాయి.

1946లో గిబ్సన్, హోల్డ్స్‌వర్త్‌లు బందర్‌పూంచ్ ఆరోహణకు పూనుకున్నారు. లంకాదహనం చేసిన హనుమంతుడి తోకతో జనశ్రుతి ముడిపెట్టే పర్వతమది. ఆ బృందంలో పందొమ్మిదేళ్ల నందుతో పాటు టెన్సింగ్ అనే షెర్పా కూడా ఉన్నాడు. శిఖరం అందలేదు. టెన్సింగ్ అప్పటికింకా ప్రపంచానికి తెలియని పేరు. యుద్ధకాలంలో వాయవ్య సరిహద్దులోని చిత్రాల్‌లో పనిచేస్తూ స్కీయింగ్ నేర్చుకున్నవాడు ఆయన. ఎనిమిదేళ్ల తరువాత వీరిద్దరూ మళ్లీ ఒకే చోట పనిచేయవలసి వచ్చింది.

సైన్యంలో చేరిన జయాల్ బెంగాల్ శాపర్స్ దళంలో ఇంజినీరు అధికారి అయ్యారు. నాటి పరిస్థితిని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. హిమాలయ యాత్ర అంటే విదేశీయులు నాయకులు, మనవారు కూలీలు అన్నట్టుగా సాగిన కాలమది. 1953లో టెన్సింగ్ ఎవరెస్టుపై నిలబడడంతో ఆ భావన బీటలు వారింది. ప్రధానమంత్రి నెహ్రూ ప్రోత్సాహంతో, పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ చొరవతో 1954 నవంబర్ 4న డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆరంభమైంది. తొలి ప్రిన్సిపల్ జయాల్, క్షేత్ర శిక్షణ బాధ్యత టెన్సింగ్‌ది. అంతకు ముందే వారు, మరికొందరు షెర్పాలు స్విట్జర్లాండ్‌లో గైడు ఆర్నాల్డ్ గ్లట్‌హార్డ్ వద్ద శిక్షణ పొంది వచ్చారు. కొండపైనే పుట్టి పెరిగిన షెర్పాలకు కొండ ఎక్కడం మళ్లీ నేర్పడమేమిటని కొందరికి అనిపించవచ్చు. ఎక్కడం వేరు, ఎక్కడం నేర్పడం వేరు.

సంస్థకు మొదట దొరికిన నీడ రాయ్ విల్లా అనే భవనం. సిస్టర్ నివేదిత 1911లో కన్నుమూసినది ఆ ఇంట్లోనే. అక్కడ వేళ్లూనిన సంస్థ తరువాతి కాలంలో దేశం నలుమూలల నుంచి వచ్చిన యువతకు శిక్షణ ఇచ్చింది. 2014 మేలో ఎవరెస్టు ఎక్కిన తెలంగాణ బాలిక మాలావత్ పూర్ణ కూడా శిక్షణకు డార్జిలింగ్ వెళ్లినదే.

1955లో జయాల్ నాయకత్వంలోని బృందం కామెట్ శిఖరాన్ని చేరింది. అంతకు ముందు ఆ పర్వతంపై ఆయన ప్రయత్నం ఫలించలేదు. గురువు పైపు వెలిగించిన చోటికి శిష్యుడి బృందం వెళ్లడానికి 24 ఏళ్లు పట్టింది. మరుసటి ఏడాది లద్దాఖ్ దిక్కున శాసర్ కాంగ్రీ, 1957లో నందాదేవి ఆయనను ఆకర్షించాయి. ఆ రెండూ లొంగలేదు.

1958లో నేపాల్, టిబెట్ సరిహద్దులోని చో ఓయుకు భారత బృందం బయలుదేరింది. నాయకుడు బొంబాయి న్యాయవాది కేకీ బున్షా. 8,000 మీటర్లు దాటిన శిఖరానికి మన దేశం పంపిన తొలి యాత్ర అది. జయాల్ ఆలస్యంగా బయలుదేరి, ముందు వెళ్లిన వారిని అందుకోవాలని వడివడిగా నడిచారు. పల్చని గాలికి శరీరం అలవాటు పడే వ్యవధి దానికి దొరకలేదు. ఊపిరితిత్తులు దెబ్బతిని, ఏప్రిల్ 28న మంచు శిబిరంలో ఆయన కన్నుమూశారు. అప్పటికి వయసు ముప్పై ఏళ్లు.

ఎత్తైన చోట్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరే ఈ ప్రమాదాన్ని ఆ రోజుల్లో చాలావరకు న్యుమోనియాగానే లెక్కించేవారు. అమెరికన్ వైద్యుడు, పర్వతారోహకుడు చార్లెస్ హ్యూస్టన్ 1960లో ప్రచురించిన వ్యాసంతో అది వేరే జబ్బన్న గుర్తింపు విస్తరించింది. 3,000 మీటర్లు దాటాక రాత్రి బస ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదని, మూడు నాలుగు రోజులకొకసారి ఆగాలని ఇప్పుడు వైద్యులు చెబుతారు. బలవంతుడికీ ఇందులో మినహాయింపు లేదు. పైగా, తన బలంపై నమ్మకం ఉన్నవాడే ఎక్కువ తొందరపడతాడు.

యాత్ర ఆగలేదు. మే 15న సోనమ్ గ్యాత్సో, పసాంగ్ దావా లామా చో ఓయు శిఖరాన్ని అందుకున్నారు. జయాల్ మరణించి అప్పటికి 17 రోజులు. డార్జిలింగ్‌లో ఆయన స్థానంలోకి జ్ఞాన్ సింగ్ వచ్చారు. 1960లో తొలి భారత ఎవరెస్టు యాత్రకు నాయకత్వం వహించినది ఆయనే. ఆ ఏడాది సోనమ్ గ్యాత్సో, నరీందర్ కుమార్, నవాంగ్ గోంబు శిఖరానికి సుమారు 200 మీటర్ల దిగువ దాకా వెళ్లి, ప్రతికూల వాతావరణంలో వెనుదిరిగారు. వారిలో గోంబు, జయాల్ కాలం నుంచీ డార్జిలింగ్ సంస్థలో శిక్షకుడు. 1965 మే 20న భారత బృందంతో ఆయన ఎవరెస్టుపై నిలిచారు.