గ్యాస్ పోవద్దు, గాలి రావద్దు: పెద్ద చిల్లర్‌కి ప్రాణం పోసిన విల్లిస్ క్యారియర్

ఏసీ డబ్బా మీద కనిపించే క్యారియర్ అనే మాట ఒక మనిషి ఇంటిపేరని చాలామందికి తెలియదు. ఆయన పూర్తి పేరు విల్లిస్ హావిలాండ్ క్యారియర్. అమెరికా ఇంజినీర్. 1950లోనే చనిపోయారు. ఇవాళ షాపింగ్ మాల్స్, పెద్ద ఆసుపత్రులు, ఎయిర్‌పోర్టుల అడుగున హోరుమంటూ తిరిగే సెంట్రిఫ్యూగల్ చిల్లర్లకు మూలం ఆయన మెషీనే. హైదరాబాద్, కడప, కర్నూలు నుంచి దుబాయ్, రియాద్, జెద్దా వెళ్లి చిల్లర్ ప్లాంట్లలో డ్యూటీ చేస్తున్న మన పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్ల చేతిలోని స్పానర్‌కీ ఈ మనిషి జీవితానికీ సంబంధం ఉంది. ఆ సంబంధం పేరు గ్యాస్కెట్.

ఆపిల్ పళ్లతో లెక్కలు

విల్లిస్ 1876 నవంబర్ 26న న్యూయార్క్ రాష్ట్రంలో ఎరీ సరస్సు దగ్గర అంగోలా అనే ఊరి పక్కన పుట్టారు. వాళ్లది వ్యవసాయ కుటుంబం. ఇంట్లో ఒక్కడే పిల్లాడు. తల్లి ఎలిజబెత్‌కి యంత్రాలంటే భలే ఆసక్తి, గడియారాలు, కుట్టు మిషన్లు తనే విప్పి బాగు చేసేది. విల్లిస్‌కి తొమ్మిదేళ్లప్పుడు బడిలో భిన్నాల లెక్కలు ఎక్కలేదు. తల్లి ఒక గిన్నె నిండా ఆపిల్ పళ్లు తెప్పించి, సగాలుగా, పావులుగా, ఇంకా చిన్న ముక్కలుగా కోయించి, వాటితోనే కూడికలు తీసివేతలు నేర్పింది. ఏ చిక్కు సమస్యనైనా ముక్కలు చేసి చూడటం ఆయనకి అలా అలవాటైంది. ఆయనకి 11 ఏళ్లప్పుడు ఆ తల్లి చనిపోయింది.

1890లలో అమెరికాలో మాంద్యం వచ్చింది. ఇంట్లో డబ్బు లేదు. హైస్కూల్ అయ్యాక విల్లిస్ కొన్నాళ్లు బడి పిల్లలకి పాఠాలు చెప్పారు. తర్వాత స్కాలర్‌షిప్‌తో కార్నెల్ యూనివర్సిటీలో చేరారు. ఖర్చుల కోసం చిన్నాచితకా పనులన్నీ చేస్తూ 1901లో ఇంజినీరింగ్ పూర్తి చేశారు. బఫలో నగరంలో ఫ్యాన్లు, హీటర్లు తయారు చేసే బఫలో ఫోర్జ్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. జీతం వారానికి 10 డాలర్లు.

వేడి కాదు, తేమ

చేరిన ఏడాదికే పెద్ద పని మీద పడింది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో సాకెట్ విల్హెల్మ్స్ అనే ప్రింటింగ్ ప్రెస్ ఉండేది. అక్కడ రంగుల బొమ్మ అచ్చు వేయాలంటే ఒకే కాగితం మీద ఒక్కో రంగూ విడివిడిగా పడాలి. ఉక్కపోత రోజుల్లో కాగితం తేమ పీల్చి సాగేది. ఎండిన రోజు ముడుచుకునేది. రంగు మీద రంగు సరిగ్గా కూర్చునేది కాదు. కాగితం దండగ, సిరా దండగ, ఆర్డర్లు ఆలస్యం.

విల్లిస్ చల్లని నీళ్లు పారే పైపుల మీదుగా గాలిని పంపి, అందులో తేమను 55 శాతం దగ్గర నిలబెట్టేలా ప్లాన్ గీశారు. ఆ డ్రాయింగుల తేదీ 1902 జూలై 17. ఆధునిక ఎయిర్ కండిషనింగ్ పుట్టిన రోజుగా దాన్నే లెక్కిస్తారు. అంటే ఏసీ మొదట మనుషుల సుఖం కోసం రాలేదు, కాగితం కోసం వచ్చింది.

అదే సంవత్సరం పిట్స్‌బర్గ్ రైల్వే ప్లాట్‌ఫారం మీద దట్టమైన పొగమంచులో నిలబడినప్పుడు ఆయనకి మరో సంగతి తట్టిందని జీవితచరిత్రల్లో ఉంది. మంచు అంటే నీళ్లతో పూర్తిగా నిండిన గాలి. చల్లటి నీటి తుంపర్ల మధ్య నుంచి గాలిని పంపితే, ఆ నీటి చల్లదనాన్ని బట్టి గాలిలో తేమ ఎంత ఉండాలో మనమే నిర్ణయించవచ్చు. నీళ్లతోనే గాలిని ఆరబెట్టడం అన్నమాట. 1906లో దీనికి పేటెంట్ వచ్చింది. 1911లో గాలి, వేడి, తేమల లెక్కలన్నీ సూత్రాలుగా కట్టి అమెరికన్ మెకానికల్ ఇంజినీర్ల సంఘం ముందు పెట్టారు. ఇప్పటికీ ఏసీ చదివే ప్రతి స్టూడెంట్ సైక్రోమెట్రిక్ చార్ట్ చూడక తప్పదు.

మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే బఫలో ఫోర్జ్ యాజమాన్యం ఖర్చులు తగ్గించుకోవాలని ఈ ఎయిర్ కండిషనింగ్ విభాగాన్ని పక్కన పెట్టింది. విల్లిస్, ఆయన స్నేహితుడు ఇర్విన్ లైల్, మరో ఐదుగురు ఇంజినీర్లు కలిసి 1915లో సొంత కంపెనీ పెట్టారు. ఏడుగురూ కలిపి పోగేసిన పెట్టుబడి 32,600 డాలర్లు.

అమ్మోనియా భయం

కంపెనీ నిలబడింది కానీ ఒక అడ్డంకి మాత్రం పోలేదు. అప్పటి పెద్ద కూలింగ్ మెషీన్లు ఎక్కువగా అమ్మోనియాతో నడిచేవి. అమ్మోనియా ఎక్కువ ఒత్తిడిలో ఉంటుంది. ఎక్కడైనా సీలు వదులైతే గ్యాస్ బయటికి తన్నుకొస్తుంది. ఘాటుకి కళ్లు మండుతాయి, ఊపిరి ఆడదు, మోతాదు ఎక్కువైతే ప్రాణమే పోతుంది. ఐస్ ఫ్యాక్టరీలో ఏదోలా సర్దుకోవచ్చు. వేలమంది కూర్చునే సినిమా హాలు కింద అలాంటి మెషీన్ పెట్టేదెలా? పైగా పిస్టన్లతో నడిచే ఆ యంత్రాలు బరువైనవి, బోలెడు చోటు తినేవి.

విల్లిస్ రెండు మార్పులు చేశారు. పిస్టన్ తీసేసి, ఫ్యాన్‌లా వేగంగా తిరిగే చక్రంతో గ్యాస్‌ని నొక్కే సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్ పెట్టారు. అమ్మోనియా బదులు డైలీన్ అనే ద్రవం ఎంచుకున్నారు. అది 50 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో మరుగుతుంది. దాన్ని చాలా తక్కువ ఉష్ణోగ్రత దగ్గరే మరిగించాలంటే మెషీన్ లోపల ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువ ఉండాలి, అంటే వ్యాక్యూమ్.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. లీక్ దిక్కే మారిపోయింది. ఇప్పుడు సీలు వదులైతే గ్యాస్ బయటికి రాదు, బయటి గాలే లోపలికి పోతుంది. మెషీన్‌కి నష్టమే, కానీ పైన కూర్చున్న జనానికి ముప్పు చాలా తగ్గింది. 1922 మే 22న న్యూజెర్సీలోని నెవార్క్‌లో ఈ మెషీన్‌ని అందరికీ చూపించారు. ఆ మొదటి మెషీన్ సిరాక్యూస్ నగరంలోని ఒక పింగాణీ కంపెనీలో దశాబ్దాలు పని చేసి, చివరికి స్మిత్సోనియన్ మ్యూజియంకి చేరింది.

1924లో డెట్రాయిట్‌లోని హడ్సన్ డిపార్ట్‌మెంట్ స్టోర్ మూడు చిల్లర్లు పెట్టించింది. అంతకుముందు సేల్ రోజుల్లో బేస్‌మెంట్‌లో ఉక్కకి జనం సొమ్మసిల్లి పడిపోయేవాళ్లు. 1925లో న్యూయార్క్ రివోలీ థియేటర్ వంతు వచ్చింది. డైలీన్ ప్రమాదం కాదని నమ్మించడానికి విల్లిస్ ఒక పాత్రలో కొంచెం పోసి, వెలిగించిన అగ్గిపుల్ల అందులో వేసి నగర అధికారికి చూపించారని చెబుతారు. అది భగ్గుమనలేదు, నెమ్మదిగా కాలింది. అనుమతి వచ్చింది. మొదటి షో రోజు హాలు చల్లబడటం ఆలస్యమైంది, జనం విసనకర్రలు ఊపుతూనే ఉన్నారు. కాసేపటికి ఒక్కో విసనకర్రా ఆగిపోయింది. తర్వాత వేసవిలో సినిమా హాళ్లు మూసుకునే రోజులే పోయాయి. 1928, 1929లలో అమెరికా పార్లమెంటు రెండు సభలకూ ఏసీ వచ్చింది.

సన్నని పట్టీ, కోట్ల మెషీన్

లీక్ దిక్కు మారింది కానీ సీలు బాధ పోలేదు, ఇంకా పెరిగింది. అమ్మోనియా లీకైతే వాసన చెబుతుంది. వ్యాక్యూమ్ మెషీన్‌లోకి గాలి దూరితే ఎవరికీ తెలియదు. ఆ గాలి కండెన్సర్‌లో చేరి ఒత్తిడి పెంచుతుంది, కరెంట్ బిల్లు పెరుగుతుంది. గాలితో పాటు తేమ వెళ్తుంది. తేమ, రిఫ్రిజిరెంట్ కలిస్తే యాసిడ్ పుట్టి లోపల లోహాన్ని తినేస్తుంది. అందుకే ఇలాంటి చిల్లర్లకి దూరిన గాలిని తోసేసే పర్జ్ యూనిట్ ఉంటుంది. పర్జ్ మాటిమాటికీ తిరుగుతోందంటే ఎక్కడో లీకు ఉండొచ్చు, అది గ్యాస్కెట్ దగ్గరే కావచ్చు. తిరిగే షాఫ్ట్ బయటికి వచ్చే చోట సీలు నిలపడం ఇంకా కష్టం. తర్వాతి కాలంలో చాలా మోడళ్లలో మోటార్‌నే లోపల పెట్టి మూసేశారు.

గ్యాస్కెట్ మార్చడం చూడటానికి చిన్న పని, చేయడానికి ఓపిక పని. ముందు కరెంట్ ఆపి లాక్ వేయాలి. నీళ్ల వైపు కవర్ అయితే వాల్వులు మూసి నీళ్లు పూర్తిగా వదలాలి. రిఫ్రిజిరెంట్ వైపు అయితే గ్యాస్‌ని సిలిండర్‌లోకి తీసుకుని, లోపల ఒత్తిడి సరి చూశాకే బోల్టు ముట్టుకోవాలి. బరువైన కవర్‌ని చెయిన్ బ్లాక్‌తో పట్టి ఉంచాలి. పాత గ్యాస్కెట్ ముక్క ఒక్కటి కూడా మిగలకుండా తీయాలి, కానీ లోహం మీద గీత పడొద్దు. ఆ గీతే రేపటి లీకు. బాగా పాత మెషీన్లలో గ్యాస్కెట్లు ఆస్బెస్టాస్‌వి కావచ్చు. వాటిని పొడిగా గీకితే దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరుతుంది. పరీక్ష చేయించకుండా చెయ్యి పెట్టకూడదు.

కొత్త గ్యాస్కెట్ కంపెనీ చెప్పిన రకమే, చెప్పిన మందమే ఉండాలి. పాతది మళ్లీ వాడకూడదు. బోల్టులు వరసగా బిగించకూడదు. ఒకటి బిగిస్తే తర్వాత దాని ఎదుటిది, రెండు మూడు విడతల్లో, టార్క్ రెంచ్‌తో బిగించాలి. ఒకేవైపు గట్టిగా లాగితే రెండోవైపు నోరు తెరుస్తుంది. తర్వాత నైట్రోజన్‌తో లీక్ టెస్ట్. తక్కువ ఒత్తిడి మెషీన్‌లో నైట్రోజన్ హద్దు దాటితే సేఫ్టీ డిస్క్ పగులుతుంది. చివరికి వ్యాక్యూమ్ లాగి గంటల తరబడి ముల్లు కదలకుండా ఉందో లేదో చూడాలి. బాస్ తొందర పెట్టినా ఆ గంటలు తగ్గించకూడదు.

చివరి రోజులు

విల్లిస్ సొంత జీవితంలో దుఃఖం తక్కువేం కాదు. మొదటి భార్య క్లేర్ 1912లో, రెండో భార్య జెన్నీ 1939లో చనిపోయారు. 1941లో ఎలిజబెత్‌ని పెళ్లి చేసుకున్నారు. సొంత సంతానం లేదు, పిల్లల్ని తెచ్చి పెంచుకున్నారు. 1930ల మాంద్యంలో కంపెనీ కూడా దెబ్బ తింది, అయినా నిలదొక్కుకుని 1937లో సిరాక్యూస్‌కి మారింది. 1950 అక్టోబర్ 7న 73 ఏళ్ల వయసులో న్యూయార్క్‌లో ఆయన కన్నుమూశారు. ఇళ్లల్లో ఏసీ మామూలు వస్తువు కావడం ఆయన చూడలేదు.

డైలీన్ ఎప్పుడో పోయింది. తర్వాత వచ్చిన కొన్ని గ్యాసులు ఓజోన్ పొరకి చేటని తేలి, 1987 మాంట్రియల్ ఒప్పందంతో అవీ తప్పుకున్నాయి. మెషీన్ పద్ధతి మాత్రం నిలిచింది. ఇవాళ మక్కాలో హరమ్ షరీఫ్‌లో హాజీలకి తగిలే చల్లగాలి కూడా దూరంగా ఉన్న ప్లాంట్లలోని పెద్ద చిల్లర్లు పంపే చల్లని నీళ్ల వల్లే వస్తుంది. అలాంటి ప్లాంట్లలో రాత్రి షిఫ్టులో ఎవరో ఒకరు మోకాళ్ల మీద కూర్చుని గ్యాస్కెట్ తీస్తుంటారు. ఆ పని సరిగ్గా జరిగితే పైన ఎవరికీ ఏమీ తెలియదు, చల్లగా ఉంటుంది, అంతే. గల్ఫ్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు చిల్లర్ రూంలో డ్యూటీ అని కొడుకు అంటే, అది చిన్న పనేం కాదని ఇంట్లోవాళ్లు తెలుసుకోవాలి.