రాక్షసులకు ముఖాలిచ్చిన చిత్రా

(1985 పదో తరగతి బ్యాచ్)

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు, ఇంజనీరును కాబట్టి ఏ చెరువు గురించో కాలువ గురించో రాస్తాననుకొని ఉంటారు. నేను రాక్షసుల గురించి రాస్తున్నాను. ఆరో తరగతిలో నాకు పరిచయమైన రాక్షసుల గురించీ, వాళ్లను గీసిన పెద్దమనిషి గురించీ.

అప్పట్లో దుత్తలూరు బస్టాండు దగ్గర ఒక సైకిల్ షాపు ఉండేది. ఆ షాపాయన్ని పిల్లలందరం మామా అనే పిలిచేవాళ్లం. ఆయన పాత చందమామల్లోంచి సీరియల్ పేజీలు మాత్రం ఊడదీసి, నెలల వరసలో పేర్చి, దబ్బనంతో కుట్టి, సిమెంటు బస్తా కాగితాన్ని అట్టగా వేసి నాలుగైదు పుస్తకాలు తయారు చేసుకున్నాడు. ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు వెతకడంలో సాయం చేస్తే, సాయంత్రం ఒక పుస్తకం ఇంటికి తీసుకుపోనిచ్చేవాడు. అలా నా చేతికి మొదట వచ్చింది తోకచుక్క.

ఆ కథ రాసిందెవరో ఎక్కడా లేదు. చందమామ సీరియళ్లకు రచయిత పేరు వేసేవారు కాదు. అవి దాసరి సుబ్రహ్మణ్యం గారివని నాకు తెలిసేసరికి ఉద్యోగంలో చేరి చాలా ఏళ్లయింది. కానీ బొమ్మల మూలల్లో మాత్రం ఒక సంతకం ఉండేది, చిత్రా అని. ఆ పేరు చూసి, ఈ బొమ్మలు వేసేది ఎవరో ఆడమనిషి అనుకున్నాను. ఇంత భయంకరమైన మాంత్రికుల్ని గీసే ఆమె ఇంట్లో పిల్లలు ఎలా పడుకుంటారో అని కూడా ఆలోచించేవాణ్ణి.

చిత్రా అసలు పేరు టి.వి. రాఘవన్. తమిళుడు. 1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో చందమామ మొదలుపెట్టినప్పటి తొలినాళ్ల నుంచీ ఆ పత్రికకు బొమ్మలు వేశారు. ఏ చిత్రకళాశాలలోనూ చదువుకోలేదు. తర్వాత కొన్నేళ్లకు ఆ పత్రికలో చేరిన శంకర్ గారు మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో పద్ధతిగా శిక్షణ పొందినవారు. వడ్డాది పాపయ్య గారి రంగుల సంగతి మన ఇళ్ల గోడల మీది క్యాలెండర్లే చెప్పేవి. అలాంటివాళ్ల పక్కన నిలబడి, సొంతంగా నేర్చుకున్న గీతతో ముప్పై ఏళ్ల పాటు పిల్లల్ని కట్టిపడేశారు రాఘవన్ గారు. శంకర్ గారి బేతాళుణ్ణి ఎవరూ మరిచిపోలేరు, ఒప్పుకుంటాను. కానీ రాక్షసుల విషయంలో నా ఓటు చిత్రాకే.

తోకచుక్క 1954లో మొదలైంది. కుండలినీ ద్వీపం, సమరసేనుడనే సేనాని, ఏకాక్షి అనే ఒంటికన్ను మాంత్రికుడు, అతనికి పోటీగా చతుర్నేత్రుడు. చతుర్నేత్రుడి వెంట నరవానరం, గుడ్లగూబ. కథ రాసేవారికి నాలుగు కళ్లంటే ఒక్క మాట. గీసేవారికి అలా కుదరదు. ఆ నాలుగూ ముఖంలో ఎక్కడ పెట్టాలి? కనుబొమలు ఎన్ని? పక్కకి తిరిగితే ఎన్ని కళ్లు కనబడాలి? కోపం వస్తే నాలుగూ ఎర్రబడతాయా? ఈ నెల ఒక లెక్క, వచ్చే నెల ఇంకో లెక్క అయితే పిల్లలు పట్టేస్తారు. నేను వృత్తిలో డ్రాయింగులతోనే బతికాను. లేని వస్తువును అన్ని వైపుల నుంచీ ఒకేలా ఉండేట్టు గీయడం ఎంత కష్టమో నాకు తెలుసు. మాకైతే స్కేలు ఉంది, కొలతలు ఉన్నాయి. నరవానరానికి కొలతలు ఎవరిచ్చారు?

ఆయన రాక్షసులకు బరువుండేది. బండ మీద కూర్చుంటే కూర్చున్నట్టే ఉండేది, బొజ్జ తొడల మీదికి జారేది. గద ఎత్తితే భుజం ఎక్కడ పొంగాలో అక్కడే పొంగేది. కోరలు, చెవిపోగులు, జడలు కట్టిన జుట్టు, గుండ్రటి కళ్లు అన్నీ ఉండేవి గానీ, కాసేపు చూస్తే ఆ ముఖంలో మనకు తెలిసిన పెద్దాయన ఎవరో తొంగిచూసేవాడు. ఆకలేసిన రాక్షసుడు నిజంగా ఆకలేసినట్టుండేవాడు. మోసపోయిన రాక్షసుడు సంతలో దూడను అగ్గువకు అమ్ముకొని వచ్చినవాడిలా మొహం వేలాడేసేవాడు. భయం వేసేది, నవ్వూ వచ్చేది. జ్వాలాద్వీపంలో ఉగ్రాక్షుడనే రాక్షసుడంటే నాకు భయం పోయి ఇష్టం మొదలైంది. పుస్తకం మూసి లాంతరు తగ్గించాక కూడా అతను కలలోకి వస్తే బాగుండుననిపించేది.

ఇది ఆయన ఒక్కరి సొత్తు అని అనను. మన నేలలోనే ఆ గుణం ఉంది. నర్రవాడ వెంగమాంబ తిరునాళ్లకు ఎద్దుల బండ్లలో వెళ్లిన తరానికి తోలుబొమ్మలాట తెలుసు. రావణుడు గర్జించి పోగానే కేతిగాడు వచ్చి నవ్వించేవాడు. ఇంకో సంగతి. చందమామ యజమానులే విజయా వారి సినిమాలకూ నిర్మాతలు. 1957లో వాళ్లు తీసిన మాయాబజార్‌లో ఘటోత్కచుడూ, చినమయా, లంబు జంబులూ ఎలా ఉన్నారో మీకందరికీ గుర్తే. ఆ చినమయ మన నెల్లూరు జిల్లా మనిషి రమణారెడ్డి గారే కదా! ఒక చేత్తో ఆ సినిమా, ఇంకో చేత్తో ఈ పత్రిక. పిల్లలకు రాక్షసుణ్ణి చూపించాలి, కానీ పిల్లలు వాణ్ణి భరించగలగాలి అన్న ఎరుక ఆ రెండింట్లోనూ ఉంది.

అమెరికాలో మారిస్ సెండాక్ అనే ఆయన 1963లో వైల్డ్ థింగ్స్ అనే వింత జంతువులతో పిల్లల పుస్తకం వేస్తే, పిల్లలు జడుసుకుంటారేమోనని పెద్దలు గొడవపడ్డారు. పిల్లలు మాత్రం శుభ్రంగా చదువుకున్నారు. మరుసటి ఏడు ఆ పుస్తకానికి పెద్ద బహుమతి కూడా వచ్చింది. చిన్నప్పుడు ఇంటికి వచ్చి తన బుగ్గలు గిల్లిన చుట్టాల ముఖాలే ఆ జంతువులకు పెట్టానని సెండాక్ చెప్పుకున్నారు. మా అమ్మాయి చిన్నతనంలో ఆ పుస్తకం కొని తెచ్చి చదివి వినిపిస్తుంటే నాకు సైకిల్ షాపు గుర్తొచ్చింది. అప్పటికి తొమ్మిదేళ్ల ముందే మద్రాసులో ఒకాయన నెలనెలా ఈ పని చేస్తున్నాడు. ఆయనకు బహుమతి సభలు లేవు. వచ్చే నెల సంచిక ఉంది, అంతే.

ఆ నెలనెలా అన్న మాటను ఆలోచించండి. చందమామలో దాదాపు ప్రతి పేజీకీ ఒక బొమ్మ ఉండాల్సిందే. తెలుగులో, తమిళంలో మొదలైన పత్రిక తర్వాత కన్నడం, హిందీ, మరాఠీ అంటూ పెరుగుతూ పోయింది. అదే బొమ్మ అన్ని భాషల్లోకీ వెళ్లేది. అంటే దుత్తలూరులో నన్ను జడిపించిన మాంత్రికుడే నాగపూర్‌లోనో మైసూరులోనో ఇంకో పిల్లవాణ్ణి జడిపించేవాడు. అక్షరం మారేది, ముఖం మారేది కాదు. మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం... దాసరి గారు ఒకదాని వెనుక ఒకటి రాస్తూ పోయారు, చిత్రా గీస్తూ పోయారు. కుటుంబరావు గారు సంపాదకత్వం చూసుకునేవారు.

చక్రపాణి గారు 1975లో పోయారు. 1978లో మాయాసరోవరం ముగిసింది. ఆ ఏడే చిత్రా కన్నుమూశారు. ఆ తర్వాత దాసరి గారి కొత్త జానపద సీరియల్ చందమామలో రాలేదు. ఆయన ఆ పత్రికలో ఇంకా దాదాపు ముప్పై ఏళ్లు పనిచేశారు, అయినా రాలేదు. బొమ్మలు వేసే మనిషి పోతే కథే ఆగిపోవడం నేను ఇంకెక్కడా వినలేదు.

అంటే నేను ఆరో తరగతిలో ఆ పుస్తకాలు పట్టుకునేసరికే ఆయన లేరు. నాకేం తెలుసు? బొమ్మలన్నీ నిన్నో మొన్నో వేసినట్టుండేవి.

ఒక తప్పు ఒప్పుకోవాలి. ఏకాక్షి బొమ్మ ఒకటి నాకు ఎంత నచ్చిందంటే, మా నాయన గడ్డం గీసుకునే బ్లేడుతో దాన్ని చుట్టూ కోసి కంపాసు బాక్సులో పెట్టుకున్నాను. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు చెప్పలేదు. మామ ఎప్పుడు చూశాడో తెలియదు గానీ నన్ను ఏమీ అడగలేదు, పుస్తకాలు ఇవ్వడమూ మానలేదు. ఆ బొమ్మ పెట్టుకొనే పదో తరగతి పరీక్షలు రాశాను. ఇంటర్ చదువుకు నెల్లూరు వెళ్లినప్పుడు హాస్టల్ మార్పుల్లో కంపాసు బాక్సుతో సహా పోయింది. షాపు తర్వాత తీసేశారు. మామ కూడా లేడు.

ఈమధ్య పాత చందమామ సంచికలు కంప్యూటరులో చూసే వీలు దొరికింది. ఒక ఆదివారం కూర్చుని నెలలు తిప్పుకుంటూ పోయి ఆ పేజీ పట్టుకున్నాను. బొమ్మ అలాగే ఉంది. పేజీ తిప్పాను. నేను కోసిన చోట, వెనక వైపు సగం కాలమ్ కథ ఉంది. మా బడి పిల్లల్లో నా తర్వాత ఆ పుస్తకం చదివినవాళ్లెవరికీ ఆ సగం కాలమ్ దొరికి ఉండదు. నలభై అయిదేళ్ల తర్వాత మొదటిసారి దాన్ని చదివాను, రెండుసార్లు. మీలో ఎవరైనా ఆ పుస్తకం అద్దెకు తెచ్చుకొని, అక్కడ కథ తెగిపోయి నన్ను తిట్టుకొని ఉంటే, జూబిలీ రోజున భోజనాల దగ్గర కలవండి. అందులో ఏముందో చెబుతాను.